ముప్పై ఎనిమిదో పేజీ

డాబాగార్డెన్స్‌లో జిరాక్సు కొట్టు పక్క
మెట్లెక్కితే రెండో గది నాది.
ఫ్రెంచి బొమ్మల పుస్తకాలు మూడు,
సిరా వాసన ఇంకా పోనివి,
నా బల్ల మీద తెలుగు కోసం కాచుక్కూచున్నాయి.
ఉప్పుగాలికి మా కాగితాలన్నీ వంకర్లు పోతాయి గాని
వాటి అట్టలు మాత్రం బిర్రబిగుసుకునే ఉన్నాయి,
మగపెళ్ళివారిలా.

నా పని చిన్నదే.
వాళ్ళ మాట చెరిపి మన మాట ఇరికించడం.
ఆ మాటా నాది కాదు, వెంకటరత్నం మేష్టారిది.
యానాంలో చదువుకున్నాయన. ఎనభై దాటినా
ముక్కుతో పలకాల్సినవి ఇంకా ముక్కుతోనే పలుకుతారు.
"వాళ్ళూ దీన్ని బుడగే అంటారమ్మా" అన్నారు మొదటిరోజు,
మనిషి నోటి పక్కన తేలే తెల్లటి గుండ్రాన్ని వేలితో తాకి.

వాళ్ళ కొలతకి ఊదిన బుడగ.
మన ఒత్తులు కిందికి దిగుతాయి,
గుడులు పైకి లేస్తాయి.
'స్త్రీ' అని రాస్తే చాలు, మూడంతస్తుల మేడ.

ఒక పుస్తకంలో ఓ పిల్ల
మునిగిన ఓడ కోసం మంచు సముద్రంలోకి దూకుతుంది.
దూకినచోట 'ప్లూఫ్' అని ఉంది.
ప్లూఫ్ ఏమిటి, పిల్లి తుమ్మినట్టు?
'బుడుంగ్' అని రాశాను.
సున్నా దగ్గర కాసిని నీళ్ళు చిందాయి.

ఇంకోటి మాయల కథ.
అక్కడ మాటలే డబ్బు. మాట ఖర్చుపెట్టి కూరలు కొంటారు,
ఎవరూ బేరమాడరు.
పూర్ణా మార్కెట్లో ఆ ఊరు ఒక్క పూట బతకదని
ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మూడోది చరిత్ర.
రెండొందల ఏళ్ళ నాటి యుద్ధనావ, అందులో వంటకుర్రాడు,
దీవులు, జ్వరాలు, పురుగుపట్టిన రొట్టె.
ముప్పై ఎనిమిదో పేజీ తిప్పానో లేదో
ఈ చివర్నించి ఆ చివరికి మా కొండ.
డాల్ఫిన్ నోస్.
గీసినవాడు ఎన్నడూ చూసుండడు.
మరీ కోటేరు ముక్కు పెట్టాడు,
ఏదో చలిదేశపు పచ్చ పూశాడు.
అయినా ఝల్లుమంది,
పరాయివాళ్ళ పెళ్ళి వీడియోలో
మన చిన్నాన్న కనబడినట్టు.

ఓడ మీద అందరికీ బుడగలున్నాయి.
కెప్టెనుకి రెండు, కుర్రాడికి ఒకటి,
చిలక్కి కూడా ఒకటి.
కింద మూలన, తెప్ప మీద మావాడొకడు
వీపు ఇటు తిప్పి తెడ్డేస్తున్నాడు.
అతనికి లేదు.

ఆదివారం ఆ కాగితం మడిచి పెదజాలారిపేట పట్టుకెళ్ళాను.
తెడ్డు పరసన్న వల కుడుతున్నవాడల్లా
చెయ్యంత దూరాన పెట్టి చూశాడు.
"ఈ తెప్ప కట్టినోడెవుడో గాని అమ్మా,
ఒక్క కెరటానికి ఇడిపోద్ది."
మళ్ళీ చూశాడు.
"ఈదర గాలి. జెండా సూడు, ఎటు కొట్టుకుంటందో.
ఈ గాలికి నోరు మూసుకుని తెడ్డెయ్యలేడు ఏ మడిసీ."
అంతే. వల మీదికి వంగిపోయాడు.

ఒప్పందంలో ఉంది, లేని మాట చేర్చరాదని.
కాని చప్పుళ్ళు నావి.
ఆ బొమ్మలో అల 'ష్లాఫ్' అంటోంది.
పారిస్‌కి సముద్రం లేదని మేష్టారోసారి అన్నారు,
ఆ ధైర్యంతో చెరిపేశాను.
అల లేచినచోట లేచి
వంపు తిరిగి తెడ్డు అంచుదాకా సాగేలా
'ఓలెసా' అని రాశాను.
నీళ్ళన్నాయో మనిషన్నాడో
చదివేవాళ్ళ ఇష్టం.

మేష్టారు ప్రూఫు మీద భూతద్దం జరుపుకుంటూ వచ్చి
అక్కడ ఆగారు.
ఫ్యాను కిర్రుమంటోంది.
"ఇది ఫ్రెంచిలో లేదే."
"అల చప్పుడండీ."
గోదారి సముద్రానికి చేరువయ్యేచోట పుట్టిన మనిషి.
ఎర్రపెన్ను మూత తీశారు. కొట్టేస్తారనుకున్నాను.
"దీర్ఘం తక్కువైంది" అని
'లె'ని 'లే' చేశారు.